తొలకరి వానకు కొట్టంలో లేచే వాసన: పొడి మట్టి ఆవిరులను ఎట్లా పట్టి ఉంచుతుంది?



ఈ నెల పాఠానికి తీసుకున్న విషయం మన పాల సంఘానికి దూరమైనదిగా తోచవచ్చు. పొడి నేల కొన్ని రసాయనాల ఆవిరులను ఎట్లా పట్టి ఉంచుకుంటుంది, వాన పడగానే వాటిని ఎందుకు వదిలిపెడుతుంది అన్నదే ఆ విషయం. ఈ సంగతి తెలియకపోవడం వల్ల ఒక సంఘంలో ఒక సభ్యురాలి పాలు పదకొండు రోజులు వాపసు పోయాయి. ఆ తప్పులో నా చేతిరాత కూడా ఉన్నది. కనుక దీన్ని ఎవరికో చెప్పే నీతిగా గాక, నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠంగా మీ ముందు పెడుతున్నాను.

చాదర్‌ఘాట్‌లో మొదట చూసిన వింత

1980ల్లో నేను చదువుకోసం హైదరాబాదు చాదర్‌ఘాట్‌లో మా మేనమామ ఇంట ఉండేవాణ్ణి. మూసీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట మీదుగా నీరు పరిచిన దుప్పటివలె, అనగా చాదర్ వలె, జారేది గనుక ఆ పేటకు ఆ పేరు వచ్చిందని పాత గెజిటీరులో ఉన్నది. మా వీధి మొదట్లో రేషను గ్యాసునూనె అమ్మే దుకాణం ఒకటి ఉండేది. దానికి గచ్చు లేదు, మట్టి నేల. డ్రమ్ములోనుంచి కొలత డబ్బాలోకి, అక్కడినుంచి మన డబ్బాలోకి పోసేటప్పుడు రోజూ కొంత నూనె నేలపాలయ్యేది.

ఒక వేసవిలో పది పన్నెండు రోజులు సరుకు రాలేదు. దుకాణం మూసి ఉన్నది. ముందునుంచి నడిచి వెళ్లినా వాసన పెద్దగా తెలిసేది కాదు. అంతలో తొలకరి జల్లు పడింది. అరగంటలో వీధంతా గ్యాసునూనె వాసన గుప్పున లేచింది. "సరుకు రాత్రికి రాత్రి వచ్చింది, లోపల దాచిపెట్టాడు" అని జనం పోగయ్యారు. మాటామాటా పెరిగింది. దుకాణదారు తలుపులు బార్లా తెరిచి చూపించాడు. డ్రమ్ములన్నీ ఖాళీ. చూరునుంచి కారిన వాన నీరు మాత్రం మట్టి నేలను తడిపి ఉన్నది. జనం నమ్మలేక నమ్మి వెళ్లిపోయారు. నూనె లేనిచోట నూనె వాసన ఎట్లా వచ్చిందని ఆనాడు నేనూ అడగలేదు, మరెవరూ అడగలేదు.

పదకొండు రోజుల వాపసు

తరువాత నేను సహకార డిప్లొమా పూర్తిచేసి ఇన్‌స్పెక్టరుగా చేరాను. 2003 జూన్‌లో ఒక పాల సంఘంనుంచి కబురు వచ్చింది. ఒక సభ్యురాలి పాలు నూనె వాసన వేస్తున్నాయనీ, వరుసగా మూడు పూటలు తీసుకోలేదనీ కార్యదర్శి తెలియజేశాడు. ఆమెకు రెండు బర్రెలు. భర్త లేడు. రోజుకు 10 లీటర్ల పాలే ఆ ఇంటి బతుకు.

నేను వెళ్లిన రోజు సేకరణ కేంద్రంలోనే క్యాను మూత తీసి వాసన చూశాను. పాలు నిజంగానే వాసన వేస్తున్నాయి. గ్యాసునూనె తెచ్చిన డబ్బాలోనే పాలు తెచ్చి ఉంటుందని పక్కవారు అన్నారు. ఆమె ఇంటికి వెళ్లకుండానే "పాత్ర శుభ్రత లేదు" అని రిజిస్టరులో రాసి సంతకం చేశాను.

మరో వారం గడిచినా వాసన పోలేదు. ఆమె కేంద్రానికి వచ్చి నిలబడి, "సారూ, క్యాను రెండుపూటలా బూడిదపెట్టి తోముతున్న. నా మాట నమ్మకుంటే మానె, కొట్టంకాడికి వచ్చి మీ కండ్లతోని చూడున్రి" అన్నది. వాపసు వచ్చిన పాలు తోడుపెట్టి వెన్న తీస్తే, ఆ నెయ్యికి వాసన ఇంకా ఎక్కువగా ఉన్నదని కూడా చెప్పింది. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది.

ఆ సాయంత్రం పాలు పితికే వేళకు కొట్టంలో కూర్చున్నాను. క్యాను శుభ్రంగా ఉన్నది. పొదుగు కడిగి ఉన్నది. చేతులూ శుభ్రమే. కాని ఆమె పితకబోయే ముందు దుమ్ము లేవకుండా నేలమీద నీళ్లు చల్లింది. ఆ నీళ్లతోపాటే వాసన లేచింది. విచారిస్తే తెలిసిందేమంటే, ఆ స్థలంలో మొన్న మొన్నటిదాకా ఒక ఆయిల్ ఇంజను ఉండేది. డీజిలూ గ్యాసునూనే ఏళ్ల తరబడి అక్కడ కారినవి. చలికాలంలో ఇంజను తీసేశారు, మాఘమాసంలో అక్కడ కొట్టం వేశారు. ఎండాకాలమంతా ఏ వాసనా లేదు. నాకప్పుడు చాదర్‌ఘాట్ దుకాణం గుర్తుకు వచ్చింది.

మరునాడు పాలకవర్గ సభ్యులను కొట్టానికి పిలిచాను. గాబుకింద వాన తగలని చోటునుంచి జానెడు లోతు మట్టి తీసి అందరిచేతా వాసన చూపించాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. అదే మట్టిని గ్లాసులో వేసి రెండు చెంచాల నీళ్లు పోశాను. వాసన చూసిన మొదటి సభ్యుడే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరి మీదా కోపం తెచ్చుకోనవసరం లేకుండా వివాదం అక్కడే తీరిపోయింది. ఇప్పుడు ఆ గ్లాసులో జరిగినదేమిటో తెలుసుకుందాం.

మట్టి రేణువుకు పట్టే ఆవిరి

గ్యాసునూనె, పెట్రోలు, టర్పెంటైను, నీలగిరి తైలం, ఫినాయిలులోని కొన్ని పదార్థాలు, కొన్ని పురుగుమందులు తేలికగా ఆవిరయ్యే కర్బన రసాయనాలు. వీటిని బాష్పశీల పదార్థాలని పుస్తకాల్లో అంటారు. మూత తీసి ఉంచితే ఇవి కొంచెం కొంచెంగా గాలిలో కలుస్తాయి. ఆ ఆవిరి ముక్కుకు చేరితే వాసన.

ఈ ఆవిరి మట్టి సందుల్లోంచి పోయేటప్పుడు దాని అణువులు రేణువుల పైభాగానికి అంటుకుంటాయి. బెల్లం మీద ఈగలు వాలినట్లు పైన వాలుతాయేగాని లోపలికి దిగవు. దీన్ని అధిశోషణం అంటారు. నీరు స్పంజిలోకి ఇంకినట్లు, నూనె నూనెలో కరిగినట్లు ఒక పదార్థం మరొకదాని లోపలికి వెళ్లడం శోషణం. ఈ రెండు మాటలకూ భేదం గుర్తుంచుకోవలెను, ముందు పనికివస్తుంది. అధిశోషణంలో ఆవిరి నాశనం కాదు, మారిపోదు. బలహీనమైన ఆకర్షణతో అంటుకొని ఉంటుంది, అంతే. నీటి శుద్ధి యంత్రంలోని బొగ్గు వాసనలను పట్టుకునేది కూడా ఈ పద్ధతిలోనే.

పైభాగం మీద వాలడమే గనుక, పైభాగం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ ఆవిరి పడుతుంది. ఇసుక రేణువు పెద్దది, దాని పైభాగం తక్కువ. బంకమన్ను రేణువు అతి సన్నని రేకు, రేకుల మీద రేకులు. మన రేగడి నేలల్లో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఒక్క గ్రాముకు, రేకుల మధ్య భాగం కూడా కలుపుకుంటే, సుమారు 700 చదరపు మీటర్ల పైభాగం ఉంటుంది. గుంట భూమి 101 చదరపు మీటర్లు. అనగా ఒక గ్రాము బంకమన్నులో దాదాపు 7 గుంటలు, 6 గ్రాములలో ఎకరానికి కొంచెం పైన! అయితే ఎండినప్పుడు ఆ రేకులు దగ్గరగా ముడుచుకుపోతాయి గనుక ఆవిరికి అందేది అందులో కొంత భాగమే. ఎర్ర చల్క నేలల్లో ఎక్కువగా ఉండే కయొలినైట్ బంకమన్నుకు గ్రాముకు 10 నుంచి 20 చదరపు మీటర్లే ఉంటుంది. 1972లో పటాన్‌చెరు వద్ద స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రంలో ఈ రెండు రకాల నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. మన జిల్లాల్లోనూ ఒకే ఊరిలో రెండూ కనిపిస్తాయి. నూనె కారిన రేగడి, నూనె కారిన చల్కకంటే ఎక్కువ వాసన దాచుకోగలదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నీరు వచ్చి చాదర్ పరిస్తే

మట్టి రేణువుకు నూనె ఆవిరికంటే నీరంటే ఎక్కువ ఇష్టం. బంకమన్ను రేకుల మీద విద్యుదావేశం ఉంటుంది. నీటి అణువుకు ఒక కొస ధనం, మరొక కొస రుణం. కనుక నీరు ఆ రేకులను గట్టిగా పట్టుకుంటుంది. నూనె అణువుకు అట్టి కొసలు లేవు. అందుచేత తడి తగలగానే నీరు రేణువు మీద తన చాదర్ పరుస్తుంది. అంతవరకు అక్కడ కూర్చున్న నూనె అణువులు చోటు ఖాళీచేసి గాలిలోకి లేస్తాయి. బస్సులో కర్చీఫు వేసి సీటు పట్టినవాడు వచ్చి, అందులో కూర్చున్నవాణ్ణి లేపినట్లే.

ఈ చాదర్‌కు పెద్ద మందం అక్కరలేదు. 1969, 1970 సంవత్సరాల్లో అమెరికాలో స్పెన్సర్, క్లియాత్ అనే శాస్త్రవేత్తలు డీల్డ్రిన్, లిండేన్ అనే పురుగుమందులను మట్టిలో కలిపి పరీక్షించారు. మట్టి తడిగా ఉన్నంతవరకు మందు ఆవిరి బాగా వచ్చింది. రేణువుల మీద నీరు ఒక్క అణువు మందం పొరకంటే తగ్గిపోయేసరికి ఆవిరి ఒక్కసారిగా పడిపోయింది. మళ్లీ తడిపితే మళ్లీ లేచింది. 1985లో చియౌ, షౌప్ అనే మరి ఇద్దరు బెంజీన్ మొదలైన ద్రవాల ఆవిరులను పొడి మట్టికి, తేమ మట్టికి పట్టించి చూశారు. పొడి మట్టి చాలా ఎక్కువ పట్టుకున్నది. గాలిలో తేమ పెరిగిన కొద్దీ పట్టు తగ్గుతూ వచ్చి, 90 శాతం తేమ దగ్గర దాదాపు నానిన మట్టి స్థాయికి దిగిపోయింది.

నానిన మట్టి అసలేమీ పట్టుకోదా అంటే, కొంత పట్టుకుంటుంది. అది రేణువు పైభాగం పని కాదు. పెంట, కుళ్లిన ఆకు, వేరుముక్కలు కలిసిన సేంద్రియ పదార్థంలోకి నూనె అణువులు కరుగుతాయి. ఇది శోషణం. మన నేలల్లో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువే గనుక ఈ పట్టు కూడా తక్కువే.

ఇప్పుడు మన రుతువులతో పోల్చి చూడండి. మే నెల మధ్యాహ్నాల్లో మన ప్రాంతపు గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. నేల ఎముకలా ఎండుతుంది. పైపొరలోని ఆవిరి ఎండవేడికి కొంత ఎగిరిపోయినా, లోపలి పొడి మట్టి తన దగ్గరున్నది బిగించి పట్టుకుంటుంది. జూన్‌లో చినుకు పడి, జులై, ఆగస్టు ఉదయాల్లో తేమ 80 శాతం దాటేసరికి నేల పిడికిలి విప్పుతుంది. ఆపైన వానాకాలంలో కొట్టానికి చుట్టూ తడికలు, గోనెపట్టాలు కడతాం. లేచిన ఆవిరి బయటికి పోయే దారి ఉండదు.

మట్టి అత్తరు చెప్పే సాక్ష్యం

ఇదంతా చెడ్డ వాసనల సంగతి. మనందరికీ ఇష్టమైన తొలకరి మట్టి వాసనలోనూ ఇదే సూత్రం ఉన్నది. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఆ వాసనకు పెట్రికోర్ అని పేరుపెట్టారు. చెట్టుచేమలనుంచి వచ్చే ఆవిరులు ఎండకాలంలో రాళ్లకు, బంకమట్టికి పట్టి ఉండి, తేమ పెరగగానే విడుదలవుతాయని వారు వివరించారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా అందులో కలుస్తుంది. దాన్ని 1965లో గుర్తించారు. ఊరికి వాన ఇంకా రాకముందే తేమ గాలికి వాన వాసన రావడం మీరంతా ఎరిగినదే.

శాస్త్రవేత్తలు పేరుపెట్టక చాలాముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివారు ఈ రహస్యాన్ని వాడుకున్నారు. కాల్చిన మట్టి బిళ్లలను రాగి డేగిసాల్లో నీటితో మరిగించి, లేచిన ఆవిరిని చందన తైలంలోకి పంపి మట్టి అత్తరు తీస్తారు. ఇక్కడ రెండు మెట్లు గమనించవలెను. నీటి ఆవిరి మట్టి పట్టుకున్న వాసనను విడిపించింది. నూనె దాన్ని తనలో కరిగించుకొని నిలుపుకున్నది. నూనె బదులు పాలు ఉంటే ఏమవుతుందో ఊహించండి.

పాలలోకి ఎట్లా వస్తుంది?

పాలలో వెన్న సన్నని బిందువులుగా ఉంటుంది. నూనె జాతి ఆవిరులు నీటిలో కరగవుగాని కొవ్వులో బాగా కరుగుతాయి. నానిన మట్టిలో సేంద్రియ పదార్థం చేసే పనినే పాలలో వెన్న చేస్తుంది. ఆవు పాలలో వెన్న 3.5 నుంచి 4 శాతం, బర్రె పాలలో 6, 7 శాతం ఉంటుంది గనుక బర్రె పాలకు వాసన మరింత ఎక్కువగా పట్టగలదు. ఆ సభ్యురాలి నెయ్యికి వాసన ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఆమె చదువుకోకపోయినా అసలు గుట్టు చెప్పింది. డిప్లొమా ఉన్న నేను వినడానికి ఆలస్యం చేశాను.

ఆవిరి పాలకు చేరడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మూతలేని బకెట్టులోకి గాలినుంచి నేరుగా చేరడం. రెండవది పశువు ఊపిరి. పశువు పీల్చిన ఆవిరి ఊపిరితిత్తులనుంచి రక్తంలోకి, రక్తంనుంచి పొదుగులోకి వెళ్తుంది. ఉల్లి, ఘాటైన కలుపు మొక్కలు మేసిన పశువు పాలకు వాసన రావడంలో మేత ఎంత కారణమో, పీల్చిన వాసనా అంత కారణం. కనుక పాలకు మూతపెట్టినంత మాత్రాన సరిపోదు. పశువు నిలబడే చోటు గాలి కూడా బాగుండాలి.

పురుగుమందుల విషయంలో ప్రమాదం వాసనతో ఆగదు. గమేక్సిన్ పేరుతో ఒకప్పుడు పిడుదులకు, చీడలకు ఇంటింటా చల్లిన బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. ఇట్టి మందులు ముఖ్యంగా మేత ద్వారా, చర్మం ద్వారా పశువు ఒంట్లోకి వెళ్లి వెన్నలో చేరుతాయి. తడిసిన నేలనుంచి లేచే ఆవిరి దానికి తోడు. ఎండినప్పుడు వాసన లేదు కదా అని మందు డబ్బా పెట్టిన మూలలో మేత వేయడం ఎంత పొరపాటో ఇప్పుడు తెలుస్తుంది.

మరొక అపోహ. "నెలల తరబడి ఎండింది, ఇంకేముంటుంది?" అంటాము. నూనెను తిని నాశనం చేసేవి మట్టిలోని సూక్ష్మజీవులు. వాటికి తేమా గాలీ రెండూ కావాలి. బొత్తిగా ఎండిన నేలలో అవి పనిచేయవు. కనుక ఎండ నేలను శుద్ధిచేసిందని ఎప్పుడూ అనుకోరాదు. ఎండు నేల వాసనను దాచిపెడుతుందేగాని పోగొట్టదు.

ఇంట్లో చేసి చూడదగిన పరీక్ష

మూతగల గాజు సీసాలు రెండు తీసుకోండి. రెండు రోజులు ఎండబెట్టి పొడిచేసిన రేగడి మట్టిని ఒక్కొక్క దానిలో పావువంతు పోయండి. ఒక సీసాలోని మట్టిని నీటితో ముద్దగా తడపండి. ఒక్కొక్క చుక్క నీలగిరి తైలం వేసిన దూదిని దారంతో కట్టి, మట్టికి తగలకుండా రెండింటిలోనూ వేలాడదీసి మూతపెట్టండి. మరునాడు దూది తీసివేసి, కాసేపు మూతపెట్టి ఉంచి వాసన చూడండి. పొడి మట్టి సీసాలో వాసన తక్కువగా ఉంటుంది. అందులో రెండు చెంచాల నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. పాఠం మొత్తం ఆ సీసాలోనే ఉన్నది. సర్వసభ్య సమావేశం రోజున కార్యదర్శులు దీన్ని చేసి చూపితే పిల్లలకూ పెద్దలకూ బాగా అర్థమవుతుంది. గ్యాసునూనె, పురుగుమందులతో మాత్రం ఈ పరీక్ష చేయరాదు.

సభ్యులు పాటించవలసినవి

1. కొత్త కొట్టం వేసేముందు ఆ స్థలంలో ఇదివరకు ఏమున్నదో విచారించవలెను. ఇంజను, ట్రాక్టరు షెడ్డు, నూనె డ్రమ్ములు, మందుల గది ఉన్నచోట వేయరాదు. అనుమానం ఉంటే జానెడు లోతు మట్టిని మూతగల సీసాలో తడిపి, పావుగంట తరువాత వాసన చూడవలెను. పురుగుమందు పెట్టిన చోటని తెలిస్తే వాసన పరీక్ష చేయక, ఆ చోటు వదిలివేయవలెను.

2. గ్యాసునూనెగాని డీజిలుగాని ఒలికితే నీళ్లతో కడగరాదు. నీరు వాసనను లేపుతుంది, నూనెను పక్కలకు పారిస్తుంది. వెంటనే పొడి మట్టి దండిగా చల్లి, అది పీల్చుకున్నాక పొడిగా ఉండగానే పారతో ఎత్తివేయవలెను. ఆ దగ్గర బీడీ, దీపం, పొయ్యి ఉండరాదు.

3. ఎత్తిన మట్టిని బావికి, బోరుకు, కొట్టానికి దూరంగా పలుచగా పరిచి, అప్పుడప్పుడు తడిపి తిరగవేయవలెను. నూనె క్రమంగా తగ్గుతుంది. పురుగుమందు కలిసిన మట్టి విషయంలో ఇట్లా చేయక వ్యవసాయాధికారి సలహా తీసుకోవలెను.

4. కొట్టంలో గ్యాసునూనె, డీజిలు, ఫినాయిలు, పురుగుమందు నిలువ ఉంచరాదు. తవుడు, చెక్క, దాణా బస్తాల పక్కన అసలే ఉంచరాదు. పొడి దాణా కూడా వాసన పట్టుకుంటుంది.

5. మట్టి నేల కొట్టంలో పితకబోయే ముందు నీళ్లు చల్లే అలవాటు మానవలెను. చల్లదలిస్తే పాలు పితికిన తరువాత చల్లవలెను. గచ్చు నేలను పితకడానికి గంట ముందే కడిగి, గాలి ఆడనివ్వవలెను.

6. వానాకాలంలో తడికలు కట్టినా, పైభాగంలో రెండు పక్కలా గాలికి దారి వదలవలెను. పాలు పితికిన వెంటనే వడకట్టి, మూతపెట్టి, కేంద్రానికి చేర్చవలెను.

7. పిడుదుల మందు పశువైద్యుడు చెప్పిన మోతాదులో, పాలు పితికిన తరువాతనే వాడవలెను. ఎన్ని పూటల పాలు పోయరాదని చెబితే అన్ని పూటలూ మానవలెను.

కార్యదర్శులకు, పరీక్షకులకు ఒక మనవి

వాసన వేసే పాలను కలుపుకోమని నేను చెప్పడం లేదు. ఒక్క ఇంటి పాలు కలిపితే కేంద్రం క్యాను మొత్తం వాసన పట్టవచ్చు, ఆ నష్టం సభ్యులందరిదీ. పాలు విడిగా ఉంచడం మీ విధి. కాని రిజిస్టరులో కనబడినదే రాయండి. "నూనె వాసన ఉన్నది, కారణం విచారణలో" అని రాస్తే చాలు. "పాత్ర శుభ్రత లేదు" అన్నది చూడనిదే రాయదగిన మాట కాదు. ఆ రోజే లేక మరునాడే పితికే వేళకు ఆ ఇంటికి వెళ్లండి. క్యాను, చేతులు, పొదుగు, మేత, నేల, ఈ అయిదూ వరుసగా చూడండి. తొలకరి రోజుల్లో అయితే నేలనే ముందు చూడండి.

ఆ సభ్యురాలి కొట్టంలో మూరెడు లోతు మట్టి తీయించి, కొత్త మొరం పోయించాం. సంఘ సభ్యులే ఇద్దరు బండి కట్టుకొని వచ్చి సాయం చేశారు. పని అయిన మూడవ పూట పాలు వాసన లేకుండా వచ్చాయి, కేంద్రం తీసుకున్నది. పాలకవర్గం ఆమె తప్పేమీ లేదని తీర్మానం చేసి నోటీసు బోర్డుమీద పెట్టింది. నేను రాసిన పంక్తిని ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన అసలు కారణం రాసి, మళ్లీ సంతకం చేశాను. కాని పదకొండు రోజుల 110 లీటర్ల పాల డబ్బు ఆమెకు తిరిగి రాలేదు. నేను మొదటి రోజే కొట్టానికి వెళ్లి ఉంటే అందులో సగానికి పైగా మిగిలేది.

చాదర్‌ఘాట్‌లో ఖాళీ డ్రమ్ములు చూసి కూడా దుకాణదారును అనుమానించిన జనం, క్యాను చూడకుండానే సభ్యురాలిని అనుమానించిన నేను, చేసిన పొరపాటు ఒకటే. వాసన వచ్చిందంటే ఎవరో ఇప్పుడే తప్పు చేశారని అనుకున్నాం. ఆ వాసన ఏ ఏడాదిదో, ఎవరు ఒలికించినదో నేల దాచిపెట్టి, వాన రోజున బయటపెట్టింది. ఈ తొలకరికి మీ మీ కొట్టాల్లో మొదటి చినుకు పడగానే ఒక్క నిమిషం నిలబడి వాసన చూడండి. మీ నేల ఏమి దాచుకున్నదో అదే చెబుతుంది.

అభ్యాస ప్రశ్నలు

1. అధిశోషణానికి, శోషణానికి భేదమేమి? కొట్టంలోనుంచి ఒక్కొక్క ఉదాహరణ చెప్పండి.

2. ఎండాకాలంలో లేని నూనె వాసన తొలకరికి ఎందుకు లేస్తుంది?

3. ఒలికిన గ్యాసునూనెను నీటితో ఎందుకు కడగరాదు?

4. మీ సంఘ రిజిస్టరులో గత వానాకాలం వాసన కారణంగా వాపసు చేసిన పాల వివరాలు చూడండి. కారణం విచారించి రాసినవి ఎన్ని, ఊహించి రాసినవి ఎన్ని? వచ్చే సమావేశంలో చర్చించండి.